నుదుటి అంచున పొట్టు రాలుతుంటే: కీటోకొనజోల్ 2 శాతం షాంపూ గురించి నా మాట

జుట్టు మొదలయ్యే చోట, అంటే నుదుటి పైఅంచున, కణతల దగ్గర, చెవుల వెనక తెల్లగా పొట్టు లేచి, గోకితే రాలి, గోకాక మంట పుట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, కీటోకొనజోల్ 2 శాతం షాంపూ పనిచేస్తుంది. సరిగ్గా వాడితే చాలా బాగా పనిచేస్తుంది. మామూలు షాంపూలాగా రుద్ది వెంటనే కడిగేస్తే మాత్రం డబ్బు దండగ. ఎలా వాడాలో మెడికల్ షాపులో చెప్పరు, సీసా మీద ఉన్నది చదవాలంటే అక్షరాలు కనపడవు, అందుకే ఈ రివ్యూలో సగం వాడే పద్ధతి గురించే ఉంటుంది.

ఫలానా బ్రాండే కొనండి అని నేను చెప్పను. నిజ్రాల్, కీటోమాక్ ఇలా చాలా పేర్లతో దొరుకుతుంది, అన్నిట్లో అసలు మందు ఒకటే. స్కాల్ప్ ప్లస్ లాంటివాటిలో దీనికి తోడు జింక్ పైరిథియాన్ అని చుండ్రుకి వాడే ఇంకో మందు కూడా కలిపి ఉంటుంది. నేను రెండు మూడు రకాలు మార్చి మార్చి వాడాను, వాసన, నురుగు, చిక్కదనం తేడా తప్ప పొట్టు తగ్గే విషయంలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి సీసా ముందు వైపు పెద్దక్షరాల్లో ఏముందో వదిలేసి, వెనక్కి తిప్పి కీటోకొనజోల్ 2 శాతం అని ఉందో లేదో చూసుకోండి. కొన్నిటి మీద ఒక శాతమే ఉంటుంది, కొన్నిటి మీద అసలు శాతమే ఉండదు, చుండ్రుకు మంచిదని మాత్రం ఉంటుంది. అలాంటివాటి గురించి కాదు నేను మాట్లాడేది.

నాకు ఈ బాధ చాలా ఏళ్లుగా ఉంది. ఎండాకాలంలో ఉన్నట్టే ఉండదు, కార్తీక మాసం దాటి చలి ముదిరేసరికి మొదలవుతుంది. నిద్ర తక్కువైనా, ఆఫీసులో టెన్షన్ ఎక్కువైనా ఇంకొంచెం పెరుగుతుంది. తల మధ్యలో కంటే నుదుటి అంచునే ఎక్కువ, అదే అసలు సమస్య. మాడు మీద చుండ్రు ఉంటే జుట్టు కప్పేస్తుంది, ఇది మాత్రం ఎదుటివాళ్లు మాట్లాడుతూ చూసేది. దగ్గరగా అద్దంలో చూస్తే జుట్టు మొదట్లో సన్నగా, కాస్త పసుపు ఛాయలో, జిడ్డుగా అంటుకున్న పొలుసులు. వేలితో లేపితే కింద చర్మం నున్నగా, ఎర్రగా ఉండేది. దాని మీద పౌడర్ రాస్తే ఇంకా ఘోరం, పౌడర్ అంతా ఆ పొలుసుల అంచులకు పట్టుకుని ప్రతి పొలుసూ విడిగా కనపడేది. పెళ్లిళ్లకు పాపిడి బిళ్ల పెట్టుకోవాలంటే భయం, అది రాసుకున్నచోట ఇంకా పొట్టు లేచేది. నల్ల జాకెట్టు వేసుకోవడం మానేసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది.

ఇంట్లో అందరూ అనేది ఒకటే, చర్మం పొడిబారిపోయింది, నూనె పెట్టు అని. చూడటానికి పొడిబారినట్టే ఉంటుంది కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. కానీ చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ లైటు వేసి నుదురు, కనుబొమ్మలు, ముక్కు పక్కన మడతలు, చెవుల వెనక అన్నీ చూసి, "ఇది పొడి చర్మం కాదమ్మా, జిడ్డు ఎక్కువ ఊరేచోట వచ్చేది. నూనె పెడుతున్నారా?" అని అడిగారు. పెడుతున్నామంటే "అది ఆపండి ముందు" అన్నారు. దీన్ని సీబోరిక్ డెర్మటైటిస్ అంటారని, చుండ్రు కూడా దీని తేలికపాటి రూపమేనని చెప్పారు.

విషయం ఏమిటంటే, మన చర్మం మీద మలసీజియా అని ఒక ఫంగస్ ఉంటుంది. ఫ్రాన్సులో లూయీ షార్ల్ మలసే అనే ఆయన 1874లో చుండ్రు పొలుసుల్లో దాన్ని చూసి వివరించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. అది ఎక్కడినుంచో అంటుకునేది కాదు, పెద్దవాళ్లలో దాదాపు అందరి చర్మం మీదా ఉంటుంది. దానికి కావలసిన కొవ్వు అది తయారుచేసుకోలేదు, మన చర్మం నుంచి ఊరే జిడ్డునే విరగ్గొట్టి తింటుంది. అలా తినగా మిగిలిన కొవ్వు ఆమ్లాలు, ముఖ్యంగా ఒలీయిక్ ఆమ్లం, కొందరి చర్మానికి పడవు. పడనివాళ్లకి అక్కడ వాపు వస్తుంది, చర్మం తొందర తొందరగా కొత్త పొరలు తయారుచేస్తుంది, పాతవి సరిగ్గా విడిపోకుండా గుంపులుగా ఊడతాయి. మనం చూసే పొట్టు అదే. అందుకే జిడ్డు ఎక్కువ ఊరే నుదురు, కనుబొమ్మలు, ముక్కు పక్కలు, ఛాతీ మధ్యలోనే వస్తుంది కానీ నిజంగా పొడిబారే మోచేతుల కిందో కాళ్ల మీదో రాదు. శుభ్రంగా ఉండకపోవడం వల్ల వచ్చేది కాదు, దువ్వెన వల్ల ఇంట్లో అందరికీ అంటుకునేదీ కాదు. ఈ ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే కాలేజీ రోజుల్లో హాస్టల్లో నా దువ్వెన విడిగా పెట్టిన పిల్లల ముందు తల వంచుకోవాల్సిన పని ఉండేది కాదు.

నూనె విషయం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలుగింట్లో దీనికే గొడవ. మా అమ్మకి నేను నూనె మానేశానంటే నమ్మకం కుదర్లేదు. "తలకి నూనె లేకపోతే జుట్టు ఏమైపోతుందే, కళ్లు మంటలెత్తవూ" అంది. అమ్మ చెప్పేదీ పూర్తిగా కొట్టిపారేసేది కాదు, కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకుతుంది, తలస్నానంలో వెంట్రుక ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. కాబట్టి వెంట్రుకకి నూనె మంచిదే. మాడుకి, నుదుటి అంచుకి, ఇలాంటి జబ్బు ఉన్నప్పుడు మాత్రం కాదు. చర్మం జిడ్డుకి తోడు పైనుంచి మనమూ పోస్తే ఆ ఫంగస్‌కి మేత పెంచినట్టే. ఇప్పుడు నేను చేసేది ఏమిటంటే, తలస్నానానికి గంట ముందు జుట్టు సగం నుంచి చివర్ల దాకా మాత్రమే కొంచెం నూనె రాసుకుంటాను, మాడుకి తగలనివ్వను. రాత్రి పెట్టుకుని పడుకోవడం లేదు. అమ్మ కూడా ఒప్పుకుంది, నుదురు నున్నగా కనపడ్డాక. ఆలివ్ ఆయిల్ అయితే ఈ బాధ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు, ప్రయోగశాలల్లో ఈ ఫంగస్‌ని పెంచడానికే వాడతారు దాన్ని.

ఇక వాడే పద్ధతి. మొదటి నుంచి ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది జుట్టుకి పెట్టే షాంపూ కాదు, చర్మానికి పెట్టే మందు, షాంపూ రూపంలో ఉంది అంతే. తల పూర్తిగా తడిపాక ముందు మామూలు షాంపూతో ఒకసారి జిడ్డు వదిలించుకుంటాను, ఎందుకంటే దుమ్మూ జిడ్డూ ఉంటే ఈ మందు నురుగే రాదు, ఎంత పోసినా చాలదు. తర్వాత ఒక చెంచాడు కంటే కొంచెం ఎక్కువ చేతిలోకి తీసుకుని, నీళ్లు కలిపి పలచన చేసి, పాపిళ్లు తీసుకుంటూ వేళ్ల కొసలతో మాడుకి పట్టిస్తాను. గోళ్లతో కాదు, గోళ్లతో గీరితే పొలుసు ఊడి తృప్తిగా ఉంటుంది కానీ కింద పుండు పడుతుంది. అంతా అయ్యాక మిగిలిన నురుగుని నుదుటి అంచు మీదికి, జుట్టు దాటి ఒక వేలి వెడల్పు కిందికి, కణతలకి, చెవుల వెనక మడతలోకి, మెడ వెనక జుట్టు ముగిసే చోటికి తీసుకొస్తాను. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, తలంతా రుద్ది అంచు దగ్గరికి వచ్చేసరికి కడిగేస్తారు, మళ్లీ అంచున తగ్గలేదంటారు. కనుబొమ్మల్లో పొట్టు ఉంటే అక్కడికీ కొంచెం నురుగు పెట్టొచ్చు, కళ్లు గట్టిగా మూసుకుని.

పెట్టాక ఆగాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు. ఇది చెప్పినంత తేలిక కాదు, చలికాలంలో తల తడితో, కళ్లు మూసుకుని బాత్రూంలో నిలబడితే ఒక్క నిమిషమే ఐదులా ఉంటుంది. నేను ఆ టైములో ఒళ్లు రుద్దుకుంటాను, ఫోన్లో టైమర్ పెట్టి కిటికీ దగ్గర ఉంచుతాను. ఫంగస్ తన కణం చుట్టూ పొర కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారుచేసుకుంటుంది, కీటోకొనజోల్ ఆ తయారీకే అడ్డు పడుతుంది. దానికి మందు చర్మాన్ని పట్టుకుని ఉండాలి కదా, ముప్పై సెకన్లలో కడిగేస్తే ఎలా? కడిగాక కూడా కొంత మందు చర్మం పైపొరకి అంటుకుని ఉంటుంది, అందుకే రోజూ వాడక్కర్లేదు. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు, మధ్యలో మూడు రోజులన్నా ఎడం ఉండేలా. నేను బుధవారం, ఆదివారం పెట్టుకున్నాను, అలా రోజులు ముడి పెట్టుకుంటే మర్చిపోము. మధ్యలో తలస్నానం చేయాల్సి వస్తే మామూలు షాంపూ.

ఫలితం. మొదటి రెండుసార్లకే దురద తగ్గింది, అది నిజంగా హాయి. పొట్టు మాత్రం వెంటనే పోలేదు, పైగా మొదట్లో పాత పొలుసులన్నీ వదులై ఎక్కువ రాలినట్టు అనిపించింది. అక్కడే చాలామంది పడలేదని ఆపేస్తారు. ఆపొద్దు. నెల తిరిగేసరికి నుదుటి అంచు మామూలు చర్మంలా అయింది, వేలు పెట్టి రాస్తే గరుకు తగల్లేదు. ఎరుపు పోయిన చోట కొన్ని లేత రంగు మచ్చలు మిగిలాయి. మనలాంటి చామనఛాయ చర్మం మీద ఇవి బాగా కనపడతాయి, చూసి బొల్లి అనుకుని హడలిపోయేవాళ్లున్నారు. కాదు, వాపు తగ్గాక మిగిలే గుర్తులవి, రంగు నెమ్మదిగా తిరిగొస్తుంది, నాకైతే కొన్ని నెలలు పట్టింది. పాలలా తెల్లగా, గీత గీసినట్టు అంచుతో మచ్చ ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

నచ్చనివి కూడా చెప్పాలి. జుట్టుని ఎండబెట్టేస్తుంది, కొబ్బరి పీచులా తయారవుతుంది, కండిషనర్ లేకుండా పొడుగు జుట్టు వాళ్లకి చిక్కులు విడవవు. కండిషనర్ కూడా చివర్లకే పెట్టండి, అంచుకి కాదు. వాసన మందు వాసనే, పైన ఏదో సెంటు కలిపినా తెలుస్తుంది. కంట్లో పడితే బాగా మండుతుంది. నురుగు తక్కువ కాబట్టి పొడుగు జుట్టుకి సీసా తొందరగా అయిపోతుంది, చవక కూడా కాదు, అరచేతిలో పట్టే వంద మిల్లీలీటర్ల సీసాకి మామూలు షాంపూ పెద్ద సీసా వచ్చేంత డబ్బు పెట్టాలి. జుట్టుకి రంగు వేసుకున్నవాళ్లకి రంగు త్వరగా దిగొచ్చు. కొద్దిమందికి ఈ మందే పడక ఎర్రగా అయి మంట ఎక్కువవుతుంది, అలా అయితే ఆపేసి డాక్టరుని అడగాలి. ఇంకో భయం జనంలో ఉంది, కీటోకొనజోల్ లివర్‌ని దెబ్బతీస్తుందని. అది మింగే మాత్రల సంగతి, 2013లో అమెరికా, యూరప్ మందుల నియంత్రణ సంస్థలు మాత్రల వాడకాన్ని గట్టిగా కట్టడి చేశాయి. తలకి రాసి కడిగేసే షాంపూ నుంచి రక్తంలోకి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. అయినా గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లలకి వాడాలనుకునేవాళ్లు డాక్టరుని అడిగాకే వాడండి.

అన్నిటికంటే పెద్ద లోపం, నిజానికి షాంపూ లోపం కాదు, జబ్బు స్వభావం. ఇది తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఆపేసిన కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. "ఇన్ని డబ్బులు పెట్టినా మళ్లీ వచ్చింది, దండగ మందు" అని ఐదుకి ఒక్క స్టార్ ఇచ్చిన రివ్యూలన్నీ ఇలా వచ్చినవే. ఆ ఫంగస్ మన చర్మం మీదే కాపురం ఉంటుంది, జిడ్డు ఊరుతూనే ఉంటుంది, కాబట్టి అదుపులో పెట్టుకోవడమే మన పని. దీని మీద 1995లో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ఉపయోగపడింది. మొదట 575 మందికి వారానికి రెండుసార్లు ఈ 2 శాతం షాంపూ ఇస్తే 88 శాతం మందికి చాలా బాగా తగ్గింది. అలా తగ్గినవాళ్లలో 312 మందిని తీసుకుని ఆరు నెలలు చూశారు. మందు లేని షాంపూ వాడినవాళ్లలో 47 శాతం మందికి తిరగబెట్టింది, రెండు వారాలకోసారి మందు షాంపూ వాడినవాళ్లలో 31 శాతం, వారానికోసారి వాడినవాళ్లలో 19 శాతం. అంటే తగ్గాక కూడా వారానికోసారి పెట్టుకోవడంలోనే కిటుకు ఉంది. నేను చలికాలమంతా వారానికోసారి, ఎండాకాలంలో రెండు వారాలకోసారి వాడతాను. అలా వాడటం మొదలుపెట్టాక నుదుటి మీద పెద్దగా లేవనే లేదు.

సూపర్ మార్కెట్లో దొరికే చుండ్రు షాంపూలు పనికిరావా అని అడుగుతారు. తేలికపాటి చుండ్రుకి పనికొస్తాయి, వాటిలో ఎక్కువగా ఉండేది జింక్ పైరిథియాన్. 2002లో వచ్చిన ఒక పోలికలో నాలుగు వారాల వాడకానికి చుండ్రు తీవ్రత కీటోకొనజోల్ 2 శాతంతో 73 శాతం, జింక్ పైరిథియాన్ 1 శాతంతో 67 శాతం తగ్గింది, ఆపాక తిరగబెట్టడం కూడా కీటోకొనజోల్ వాడినవాళ్లలో తక్కువ. మరీ భూమ్యాకాశాల తేడా కాదు కదా. అందుకే కొత్తగా మొదలైనవాళ్లు ముందు ఆ మామూలు చుండ్రు షాంపూనే ఐదు నిమిషాలు ఉంచి చూడండి, చాలామందికి సరిపోతుంది. ఎరుపు, దురద, నుదుటి మీదికి దిగడం ఉంటే నేరుగా ఇది. పొలుసులు మందంగా అట్టకట్టి ఉంటే మాత్రం ఏ షాంపూ లోపలికి దిగదు, ముందు సాలిసిలిక్ యాసిడ్ ఉన్న లోషనో షాంపూనో వాడి పొలుసుల్ని మెత్తబరచాలి, ఆ మాట డాక్టరే చెప్తారు.

ఇంటి చిట్కాల్లో నిమ్మరసం దయచేసి వద్దు. పుండు పడ్డ చర్మం మీద మంట ఒకటి, రాసుకుని ఎండలోకి వెళ్తే నల్ల మచ్చలు పడటం ఇంకోటి. పెరుగు, మెంతులు పెట్టి ఉంచితే చల్లగా ఉంటుంది, దురద కాసేపు ఆగుతుంది, అంతకు మించి నేను చూడలేదు. కుంకుడుకాయ జిడ్డు బాగా వదిలిస్తుంది, నాకు ఇష్టం కూడా, మందు పెట్టుకునే ముందు మామూలు షాంపూ బదులు దాంతో రుద్దుకోవచ్చు, కానీ చర్మం ఎర్రబడి ఉన్నప్పుడు మండిస్తుంది.

నుదుటి మీద జుట్టు లేని భాగానికి ఒక్క షాంపూ చాలకపోవచ్చు. నాకు డాక్టరు కీటోకొనజోల్ 2 శాతం క్రీం ఇచ్చారు, పలచగా, కొన్ని వారాలు. షాంపూ తలకి, క్రీం నుదుటికి, ఈ జోడీ బాగా కుదిరింది. ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మెడికల్ షాపుకి వెళ్లి నుదుటి మీద పొట్టు లేస్తోంది అంటే, "ఇదిగో మేడం, ఇది రాయండి, రెండు రోజుల్లో పోతుంది" అని ఒక ట్యూబు చేతిలో పెడతారు. నాకూ పెట్టారు. ఇంటికొచ్చి పేరు చూస్తే అందులో గట్టి స్టిరాయిడు, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉన్నాయి, వాడకుండా పక్కన పెట్టాను. ఆ షాపతను అబద్ధం చెప్పలేదు, రెండు రోజుల్లో నిజంగానే పోతుంది. ఆపగానే రెట్టింపై వస్తుంది, మళ్లీ రాస్తారు, అలా నెలలు రాస్తే ముఖం మీద చర్మం పలచబడుతుంది, నరాలు కనపడతాయి, మొటిమలు లేస్తాయి, ఎండకి వెళ్తే మంట. మా బంధువుల్లో ఒకమ్మాయి అలా అయి చాలా బాధపడింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ స్టిరాయిడ్ ట్యూబుల్ని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. డాక్టరు చూసి తక్కువ శక్తి స్టిరాయిడు కొద్దిరోజులకి రాస్తే అది వేరు, షాపులో చేతికొచ్చిన ట్యూబు మాత్రం ముఖానికి రాయకండి.

ఇంకొకటి, నుదుటి అంచున పొట్టంతా ఇదే అనుకోవద్దు. జుట్టుకి నల్లరంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకి అంచు వెంబడి ఎర్రగా వాచి, నీటి పొక్కులొచ్చి, తర్వాత పొట్టు లేస్తే అది రంగు పడకపోవడం, ఎక్కువగా అందులో ఉండే పీపీడీ అనే పదార్థం వల్ల. నల్ల మెహందీ అని అమ్మే పొడుల్లోనూ అది ఉంటుంది. దానికి ఈ షాంపూ ఏం చేయదు, రంగు మానాలి. బొట్టు పెట్టుకునేచోట, పాపిట్లో కుంకుమ పెట్టే చోట మాత్రమే దురదగా ఉండి నల్లబడుతుంటే కుంకుమ మార్చి చూడండి. పొలుసులు మందంగా, వెండి రంగులో, అంచు దాటి నుదుటి మీదికి గీత గీసినట్టు ఉండి, మోచేతుల మీద, మోకాళ్ల మీద కూడా ఉంటే, గోళ్లలో గుంటలు ఉంటే అది సోరియాసిస్ కావచ్చు. పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు లేస్తుంటే అది తలలో వచ్చే తామర, దానికి నోటిద్వారా మందు పడాల్సిందే, షాంపూ ఒక్కటీ పనిచేయదు. పసిబిడ్డల మాడు మీద పసుపు పచ్చటి పెచ్చులుంటే చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి, గీకి ఊడదీయకండి, ఈ షాంపూ మీ అంతట మీరు పోయకండి.

మా తమ్ముడికీ ఇదే ఉంది, వాడు బండి మీద తిరిగే ఉద్యోగం, హెల్మెట్ పట్టీ ఆనే చోట గీత కట్టినట్టు లేచేది. తిరుపతిలో గుండు చేయించుకుంటే పోతుందని ఇంట్లో అన్నారు. గుండు మొక్కు కోసం చేయించుకున్నాడు, మంచిదే, ఆ నెల షాంపూ పట్టించడం తేలికైంది, ఒక్క చుక్క వృథా కాలేదు. కానీ జుట్టు తీసినంత మాత్రాన చర్మం, జిడ్డు మారవు కదా, జుట్టు మొలిచేసరికి మళ్లీ మొదలైంది. వాడికి పనిచేసింది రెండు, వారానికోసారి ఈ షాంపూ, హెల్మెట్ లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కోవడం. చెమట పట్టిన తలతో అలాగే ఏసీలో కూర్చోకుండా ఇంటికి రాగానే తల కడుక్కోవడం కూడా తేడా తెచ్చింది. హైదరాబాద్ బోరు నీళ్ల వల్లే ఇదంతా అని చాలామంది అంటారు. ఉప్పు నీళ్లు జుట్టుని గరుకు చేస్తాయి, షాంపూ నురుగు రానివ్వవు, చర్మాన్ని ఇంకాస్త ఎండబెడతాయి, నిజమే. కానీ ఈ జబ్బుకి అసలు కారణం నీళ్లు కాదు. వేలు పోసి కుళాయికి ఫిల్టరు బిగించే ముందు ఈ సీసా సరిగ్గా వాడి చూడండి.

అమెరికాలో ఉన్న మా వదిన అక్కడి చలికి, ఇంట్లో హీటర్ గాలికి ఇదే బాధ పడుతోంది. అక్కడ డాక్టరు చీటీ లేకుండా దొరికేది 1 శాతం మాత్రమే, 2 శాతానికి చీటీ కావాలి. "వచ్చేవాళ్లతో పంపు వదినా" అని ఫోన్ చేస్తే పంపించాను, కానీ ముందు అక్కడి డాక్టరుకి ఒకసారి చూపించుకోమన్నాను. ఒక శాతంది కూడా ఐదు నిమిషాలు ఉంచి క్రమంగా వాడితే చాలామందికి పనిచేస్తుంది.

కొనేటప్పుడు శాతం, గడువు తేదీ చూసుకోండి, ఆన్‌లైన్లో సగం ధరకి వచ్చే సీసాల మీద తేదీ దగ్గరపడి ఉండటం నేను చూశాను. మొదటిసారి చిన్న సీసా తీసుకోండి. తల స్నానమయ్యాక నుదురు బిగిసినట్టుంటే వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాయండి, కొబ్బరినూనో ఆలివ్ నూనో ఉన్నది కాకుండా. నాలుగు వారాలు వారానికి రెండుసార్లు ఐదేసి నిమిషాలు ఉంచి వాడినా తగ్గకపోతే ఇంకో బ్రాండు కొనకండి, అదే డబ్బుతో చర్మం డాక్టరుకి చూపించుకోండి. నా వరకు ఈ మందుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు జుట్టు ఎండబెట్టినందుకు తగ్గించాను.